ఇద్దరి రంపం నుంచి ఒంటిచేతి రంపం దాకా

మన ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు అడిగారు. ఆనకట్ట గురించి, కాలువల గురించి, ఏలూరు తివాచీల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అందుకని వారి దారికి అడ్డు రాకుండా నేను రంపం గురించి వ్రాస్తున్నాను. రంపానికి చరిత్ర ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. మన మండువా లోగిళ్ల దూలాలు మొదలు మనవడు నిన్న కట్టించుకున్న ఫ్లాటులో ప్లైవుడ్ బీరువా దాకా రంపం దాటి రానిది ఏదీ లేదు గదా!

ఇంకో కారణం కూడా ఉంది. నేను 1972లో కార్మిక శాఖలో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఆ సర్వీసులో ఎక్కువ భాగం నష్టపరిహారపు ఫైళ్ల మధ్యనే గడిచింది. తెగిన వేళ్ల లెక్కలు కట్టిన చేతితో రంపం చరిత్ర వ్రాయడం తగునని నాకు తోచింది.

పైనొకడు, కిందొకడు

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే గాక పడవలకు దారి అయ్యాయి. అటు గోదావరి నీరు, ఇటు కృష్ణ నీరు ఏలూరు దగ్గర కలవడంతో, ఎగువ అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా దిగి, కాలువల వెంట ఊరూరికీ చేరే వీలు కలిగింది. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరిచాక కలపకు రెండో దారి ఏర్పడింది.

దుంగ వచ్చినంత మాత్రాన ఇల్లు లేవదు. దాన్ని దూలాలుగా, పలకలుగా కోయాలి. ఆ పని కోత రంపానిది. దుంగను గుంజల మీదికి ఎత్తి నిలబెట్టేవారు. బొగ్గుమసి పూసిన దారాన్ని బిగలాగి కొడితే గీత పడేది. ఒకడు దుంగ మీద నిలబడి, ఒకడు కింద నిలబడి, నిలువెత్తు రంపాన్ని పైకీ కిందికీ లాగేవారు. పైవాడు గీత చూసుకునేవాడు. కిందివాడి కళ్లలో పొట్టు పడుతుంది కనుక తలకు గుడ్డ చుట్టుకుని, పైవాడి మాట వింటూ లాగేవాడు. కోత కొంచెం సాగగానే ఆ చీలికలో చెక్క మేకు కొట్టేవారు. చీలిక మూసుకుపోయి రంపాన్ని పట్టేయకుండా ఉండడానికి ఆ మేకు. దీన్ని జ్ఞాపకం పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నా చిన్నతనంలో, అంటే 1950ల చివర, తాడేపల్లిగూడెం పరిసరాల్లో ఈ కోత కళ్లారా చూశాను. ఒక దుంగకు రోజులు పట్టేది. ఒళ్లు హూనమయ్యేది. ఆ పనివాళ్లకు నడుము నొప్పులు, కంటి జబ్బులు మామూలే. కాబట్టి పాతదంతా బంగారమని నేను అనను. అయితే ఆ రంపంలో ఒక గుణం ఉంది. రెండోవాడు లాగకపోతే అది కదలదు. ఒకడు అలిసినా, ఒకడు పరధ్యానంలో పడినా రంపం ఆగిపోతుంది. ఇద్దరి సమ్మతి లేనిదే పన్ను కర్రకు తగలదు.

కొల్లేటి లంకల్లో అయితే రంపం కంటే గొడ్డలికి, బాడిసకు పని ఎక్కువ. ముదిరిన తాటిచెట్టు మొద్దును తొలిచి దోనె చేసేవారు. రెండు దోనెలు జతకట్టి సరుకులు దాటించేవారు. ఇళ్లకు తాటి దూలాలు, తాటి వాసాలు, పైన తాటాకు. తాటికర్ర పైవైపు నల్లగా ఇనుములా ఉండి, లోపల మెత్తగా పీచుగా ఉంటుంది. దాన్ని కోయడం చేతి రంపానికి పరీక్ష.

మిల్లు కట్టెల కాలం

గుండ్రటి రంపపు బ్లేడు కొత్తది కాదు. ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయన పొందిన 1777 నాటి పేటెంటులోనే దాని ప్రస్తావన ఉంది. మన వైపు అది ఊరూరా తిరగడానికి మాత్రం కరెంటు కావలసి వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. అటుపై లైన్లు పల్లెలకు పాకాయి. పట్టణాల్లో కలప అడితీలను ఆనుకుని కోత మిల్లులు వెలిశాయి. మనం సా మిల్లు అనేవి అవే. రోజుల తరబడి సాగే పని గంటల్లోకి వచ్చింది. నిలువు రంపంవాళ్లలో కొందరు ఆ మిల్లుల్లోనే కూలికి చేరారు.

రెండో మనిషి స్థానంలో అప్పుడు చట్టం వచ్చి నిలబడింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను ప్రకారం తిరిగే యంత్ర భాగాలకు రక్షణ కంచె ఉండవలసి ఉండేది. కర్రకోత యంత్రాల నియమాల ప్రకారం గుండ్రటి రంపం వెనుక, చీలికలో నిలిచే ఒక ఉక్కు పలక ఉండవలసి ఉండేది. మన కోతవాళ్లు కొట్టిన చెక్క మేకు ఉక్కు రూపం ధరించిందన్న మాట! చిన్న ముక్కలను వేళ్లతో గాక ఒక కర్రతో నెట్టాలని కూడా అందులోనే ఉండేది. చూడ్డానికి ఇన్‌స్పెక్టరు ఉండేవారు. కాకపోతే కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అప్పట్లో అది ఫ్యాక్టరీ. ముగ్గురు నలుగురితో నడిచే మిల్లులు చాలా వరకు ఆ లెక్కకు బయటే ఉండిపోయాయి.

చెరకు తోటలో పుట్టిన ఆలోచన

చేతితో పట్టుకునే కరెంటు రంపం కథ తణుకు, తాడేపల్లిగూడెం చెరకు రైతులకు నచ్చుతుంది. అమెరికా దక్షిణ ప్రాంతంలో కూలీలు కత్తులతో చెరకు నరకడం చూసి, 1920ల ఆరంభంలో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన ఆ కత్తికి మోటారు తగిలించాలని చూశాడు. ఆ ప్రయత్నమే చివరికి చేతిలో పట్టే గుండ్రటి రంపంగా తేలింది. జోసెఫ్ సల్లివన్ అనే వ్యాపారితో కలిసి 1924లో కంపెనీ పెట్టారు. స్కిల్‌సా అనే పేరు అక్కడిదే. చెరకు కోతకు అనుకున్నది చెరకుకు పనికిరాక ప్రపంచంలోని వడ్రంగుల చేతికి వచ్చింది.

మన వైపు వడ్రంగుల చేతుల్లో వీటిని నేను చూడడం 1990ల్లో మొదలైంది. ప్లైవుడ్ వాడకం పెరిగాక ఇంటింటికీ వచ్చాయి. అయితే మన మేస్త్రీలలో చాలామంది చేతిలో ఉండేది అసలు కర్ర రంపం కాదు. రాతి పలకలు కోసే నాలుగంగుళాల మార్బుల్ కట్టరు. దానికే కర్ర బ్లేడు బిగించి ప్లైవుడ్ కోస్తారు. చవక, తేలిక, అన్ని పనులకూ ఒకటే. కానీ ఈ రెంటికీ తేడా పెద్దది. ఏడంగుళాల కర్ర రంపానికి బ్లేడు కింది సగాన్ని కప్పే కదిలే గార్డు ఉంటుంది. కర్రలోకి పోతున్నప్పుడు తెరుచుకుని, బయటికి రాగానే స్ప్రింగుతో మూసుకుంటుంది. మార్బుల్ కట్టరుకు అలాంటిది ఉండదు. పైసగం మాత్రమే కప్పి ఉంటుంది.

వేగం చూడండి. ఏడంగుళాల రంపం నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరుగుతుంది. బ్లేడుకు 24 పళ్లుంటే సెకనుకు 2,000 పళ్లు ఒకే చోటును దాటిపోతాయి. అంచు వేగం గంటకు సుమారు 170 కిలోమీటర్లు. మార్బుల్ కట్టరు నిమిషానికి 12,000 చుట్ల దాకా తిరుగుతుంది. దాని అంచు వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. చెయ్యి తగిలిందని మెదడుకు తెలిసేలోపు జరగవలసినది జరిగిపోతుంది.

వేలికి శాతం

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం చివర ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు 14. మధ్యవేలు 12. ఉంగరపు వేలు గాని చిటికెన వేలు గాని 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. ఈ అంకెలు నాకు ఎక్కాలలాగా నోటికి వచ్చేవి. నెలకు 4,000 రూపాయలు వచ్చే 40 ఏళ్ల కార్మికుడికి, 2001 తర్వాతి లెక్కలో, జీతంలో 60 శాతం అంటే 2,400. దాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చించి, అందులో 14 శాతం తీస్తే చూపుడువేలికి 61,881 రూపాయలు. ఆ వేలితో అతడు గీత గీసేవాడు, ఉలి నిలిపేవాడు, బిడ్డకు అక్షరాలు దిద్దించేవాడు. వాటికి పట్టికలో గడి లేదు.

2010 నుంచి ఆ చట్టం పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టమైంది. తర్వాత దాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. పేరు ఏదైనా మూలసూత్రం ఒకటే. నష్టపరిహారం ఇవ్వడానికి ఒక యజమాని ఉండాలి. మిల్లు కూలీకి యజమాని ఉన్నాడు గనుక ఫైలు తెరుచుకునేది. తన కట్టరు తానే కొనుక్కుని, ఇల్లిల్లూ తిరిగి గుత్తకు పనిచేసే మేస్త్రికి యజమాని ఎవరు? అతని వేలు తెగితే సాధారణంగా ఏ కార్యాలయంలోనూ ఫైలు పుట్టదు. భార్య పుస్తెలు తాకట్టుకు పోతాయి, అంతే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకునే వీలు వడ్రంగులకు కలిగింది. మీ మేస్త్రి పేరు నమోదైందో లేదో ఒక్కసారి అడిగి చూడండి.

ఇప్పుడు చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. నిలువు రంపానికి కాపలా రెండో మనిషి. మిల్లు రంపానికి కాపలా చట్టం, కంచె, ఇన్‌స్పెక్టరు. చేతి రంపానికి మిగిలిన కాపలా ఒక గార్డు, పట్టినవాడి అలవాటు. రంపం చిన్నదవుతున్న కొద్దీ కాపలా కూడా చిక్కిపోయింది. నేను చదివిన ప్రమాద నివేదికల్లో కారణం అనే చోట ‘ప్రమాదవశాత్తు’ అనే ఒక్క మాటే ఉండేది. లోపలి వాంగ్మూలాలు చదివితే మాత్రం అవే సంగతులు మళ్లీ మళ్లీ కనిపించేవి. అడ్డం వస్తున్నదని గార్డు విప్పి పెట్టారు. సాయంత్రం తొందరలో ఉన్నారు. పక్కన ఎవరూ లేరు.

పట్టే పద్ధతి

నేను వడ్రంగిని కాను. పనితనం గల మేస్త్రీలు చెప్పినది, యంత్రంతో వచ్చే పుస్తకాల్లో ఉన్నది గుమాస్తా పద్ధతిలో క్రమంగా పెడుతున్నాను.

మొదటిది, బ్లేడు లోతు. అంగుళం మందం పలక కోయడానికి బ్లేడు ఒక పన్ను మేర మాత్రమే కిందికి దిగాలి. పూర్తిగా దించి కోస్తే అడుగున అనవసరంగా తిరిగే పళ్లు ఎక్కువవుతాయి. లోతు మార్చేటప్పుడు, బ్లేడు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి.

రెండవది, వెనక్కి తన్నడం. పెద్ద గాయాలకు ఇది ముఖ్య కారణం. కోసిన చీలిక మూసుకుని బ్లేడు వెనుక భాగాన్ని నొక్కిందంటే, అక్కడ పళ్లు కిందికి దిగుతుంటాయి కనుక రంపం ఎగిరి పట్టుకున్నవాడి మీదికే వస్తుంది. పలకను రెండు చివర్లా ఆనించి నడుమ కోస్తే, కోత పూర్తవుతుండగా అది కుంగి చీలిక మూసుకుంటుంది. కాబట్టి ఉంచుకునే భాగానికి కోత దగ్గరగా ఆనిక ఉండాలి. తెగే చిన్న ముక్క స్వేచ్ఛగా పడాలి. సాయం చేద్దామని ఆ ముక్కను కింది నుంచి పైకి ఎత్తేవాళ్లుంటారు. అదే చీలికను మూస్తుంది. పొడవు కోతలో పాతవాళ్ల చెక్క మేకు నేటికీ పనికొస్తుంది. యంత్రం ఆపి, చీలికలో మేకు దోపి, మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మూడవది, నిలబడే తీరు. బ్లేడు గీతకు సూటిగా వెనుక నిలబడకూడదు, కొంచెం పక్కకు ఉండాలి. రెండు చేతులూ రెండు పిడుల మీద ఉండాలి. పలకను చేత్తోనో కాలితోనో తొక్కిపట్టకుండా బిగింపులతో బిగించాలి. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే కర్రకు తాకించాలి. పని అయ్యాక అది పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకూడదు. కోత మధ్యలో గీత తప్పితే తిరుగుతున్న రంపాన్ని వెనక్కి లాగకుండా, ఆపి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టాలి.

నాలుగవది, కోత నాణ్యత. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి. అందుచేత పై అంచు పెచ్చులు లేస్తుంది. ప్లైవుడ్ మంచి ముఖాన్ని కిందికి తిప్పి గీత గీసుకోవాలి. పొడవు కోతకు తక్కువ పళ్లు, అడ్డకోతకు, ప్లైవుడ్‌కు ఎక్కువ పళ్లు ఉన్న బ్లేడు వాడాలి. మొద్దుబారిన బ్లేడుతో బలవంతంగా నెట్టడం ప్రమాదం. పొగ వచ్చినా, మోటారు మూలిగినా ఆపి బ్లేడు చూడాలి. పాత దూలాలు కోసే ముందు మేకులు వెతికి పీకాలి.

అయిదవది, వేషం. వేలాడే తువ్వాలు, వదులు పంచె, చేతి కడియం వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు మాస్కు ఉండాలి.

మన కర్రలు, మన నీళ్లు

కొల్లేటి వైపు వారికి రెండు మాటలు. తాటి, కొబ్బరి కర్రల చుట్టు గట్టి, గర్భం మెత్తన. కోతలో ఒక్కసారిగా బిగుతు మారి రంపం ముందుకు దూకుతుంది. నెమ్మదిగా, పదునైన గట్టి మొన పళ్ల బ్లేడుతో కోయాలి. తాటి ఈనెలు సూదుల్లా గుచ్చుకుంటాయి.

అంతకంటే ముఖ్యం తడి. చెరువు గట్ల మీద కాపలా పాకలకు, పడవలకు, చెక్క బల్లలకు అక్కడికక్కడే కరెంటు రంపాలతో పని చేస్తున్నారు. అతుకుల వైరు తడి మట్టిలో పడి ఉంటుంది, మనిషి చెప్పులు లేకుండా ఉంటాడు. వైరు భుజం మీదుగా వెనక్కి వెళ్లాలి, అతుకులు ఉండకూడదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్ చేసే స్విచ్చి లైన్లో ఉండాలి. యంత్రం మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెట్టింపు ఇన్సులేషన్ ఉందని అర్థం. ఆ గుర్తు లేనిదాన్ని ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుతోనే వాడాలి. గుర్తు ఉన్నంత మాత్రాన వానలో వాడవచ్చని కాదు.

గాయం అయితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి 108కి ఫోను చేయాలి. వేలు తెగిపడితే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి రోగితో పాటే పంపాలి. వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. పసుపు, కాఫీపొడి అద్దకూడదు.

మన వంతు

మిత్రులారా, మనలో కొందరు పదవీ విరమణ తర్వాత సరదాకు చిన్న చిన్న కర్రపనులు చేస్తుంటారు. పిల్లలు ఆన్‌లైనులో రంపం తెప్పించి ఇస్తుంటారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు, చేతివణుకు ఉన్నవారు, కంటి ఆపరేషను ఇటీవలే అయినవారు ఆ సరదాను చేతి రంపంతో, చిత్రికతో తీర్చుకోవడం మంచిది.

మిగిలినవారంతా చేయగలిగింది ఒకటి ఉంది. మన ఇంట్లో మేస్త్రి పని చేస్తున్నప్పుడు రేపటికల్లా కావాలని తొందర పెట్టవద్దు. పని ఒప్పుకునేటప్పుడే గార్డు ఉన్న రంపంతో చేయమని అడగండి, దానికి నాలుగు రూపాయలు ఎక్కువైతే ఇవ్వండి. ఇంట్లో లీకేజీ స్విచ్చి లేకపోతే పెట్టించండి. పలక పట్టుకోవడానికి చిన్నపిల్లలను పంపవద్దు. రంపం తిరుగుతున్నంతసేపు అతన్ని పలకరించకండి, కానీ చూపు అందే దూరంలో ఒకరు కుర్చీ వేసుకుని కూర్చోండి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు ఊడదీసి ఉందో లేదో చూడండి. అతను అలిసినట్లు కనిపిస్తే మంచినీళ్లు, టీ ఇచ్చి కాసేపు ఆపండి.

నిలువు రంపం పోయాక రెండో మనిషి చోటు ఖాళీగానే ఉండిపోయింది. పెన్షనర్లమైన మనకు తీరిక ఉంది. ఆ చోటులో కూర్చోవడానికి బలం అక్కరలేదు, శ్రద్ధ ఉంటే చాలు.